ఆదోని పత్తి, యూరప్ ఒప్పందం: సంతకం దాకా మా అనుభవం

ఆదోని డివిజన్‌లో వర్షాధారంగా సేంద్రియ పత్తి పండించే రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ తరఫున ఈ పని చేశాం. మా పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ ఆదోనిలోనే జరుగుతుంది. దూది తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుకి పోతుంది. నూలై, గుడ్డై, చొక్కాయై చివరికి జర్మనీ దుకాణానికి చేరుతుంది. ఆ దుకాణాల కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక ఒప్పందం, దాని వెనక సరఫరాదారుల నియమావళి వచ్చాయి. రెండు వారాల్లో సంతకం పెట్టి పంపమన్నారు. దాన్ని చదివి, మార్పించి, అందులో ఒప్పుకున్నది పొలంలో నడిపించేసరికి మాకు ఒక పంటకాలం పూర్తిగా పట్టింది. ఇలాంటి కాగితం చేతికొచ్చిన సంఘాలకి పనికొస్తుందని రాస్తున్నాం.

ముందు ఆ కాగితం ఎందుకు వచ్చిందో తెలియాలి. జర్మనీలో సరఫరా గొలుసు చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదటి ఏడాది అక్కడ 3,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకి, 2024 నుంచి 1,000 మంది ఉన్నవాటికి వర్తించింది. తాము అమ్మే సరుకు వెనక బాలకార్మికులు, వెట్టిచాకిరి, వేతన ఎగవేత ఉన్నాయేమో ఆ కంపెనీలు వెతకాలి. ఉంటే ఆపించాలి. కూలీలు ఫిర్యాదు చేసుకునే దారి పెట్టాలి. చేసిన పనికి రికార్డులు 7 ఏళ్లు దాచాలి. తప్పితే, బాగా పెద్ద కంపెనీలకైతే ఏడాది టర్నోవరులో 2 శాతం దాకా జరిమానా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ మొత్తానికి ఇలాంటి ఆదేశం 2024లో వచ్చింది గానీ, దాని గడువులు 2025లో వెనక్కి జరిపారు. వెట్టితో తయారైన సరుకుని యూరప్ మార్కెట్లోకి రానివ్వని నిబంధన మాత్రం 2027 డిసెంబరు 14 నుంచి వర్తిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. జర్మనీ చట్టం ప్రకారం కంపెనీ తనకి నేరుగా అమ్మేవాళ్ల విషయంలో పూర్తి జాగ్రత్త పడాలి. అంతకంటే కింది మెట్ల దగ్గర, ఫలానా చోట తప్పు జరుగుతోందని గట్టి సమాచారం అందినప్పుడు కదలాలి. రైతు సంఘం ఆ గొలుసులో నాలుగో మెట్టో అయిదో మెట్టో. అయినా కంపెనీ లాయర్లు ఒకే కాగితం తయారుచేసి అందరికీ పంపుతారు. చట్టం ఉన్నది వాళ్ల మీద, సంతకం అడిగేది మన్ని. ఆ చట్టాన్ని అమలుచేసే జర్మనీ ప్రభుత్వ కార్యాలయం బాఫా, కంపెనీలు తమ బాధ్యతని చిన్న సరఫరాదారుల నెత్తిన దింపేసి చేతులు దులుపుకోకూడదని 2023లోనే మార్గదర్శకం ఇచ్చింది. మా జవాబు ఉత్తరం మొదటి పేరాలోనే ఈ సంగతి రాశాం. మార్పుల గురించి మాట్లాడటానికి వాళ్లు ఒప్పుకున్నది ఆ ఉత్తరం తర్వాతే. ఒప్పందం చేతికి రాగానే ‘ఇష్టముంటే పెట్టు, లేకపోతే పో’ అన్నట్టే కనిపిస్తుంది. అడిగితే మారుతుంది.

రెండో పని, సంతకం పెట్టే సంస్థ ఏ రూపంలో ఉందో చూసుకోవడం. మన జిల్లాల్లో రైతుల కోసం పనిచేసే సంస్థలు సొసైటీలుగా, ట్రస్టులుగా, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీలుగా, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాలుగా, ఉత్పత్తిదారుల కంపెనీలుగా ఉన్నాయి. సేవకి ఏదైనా సరిపోతుంది. వ్యాపారానికి సరిపోదు. ట్రస్టో సొసైటీయో పత్తి కొని అమ్మడం మొదలుపెడితే, ప్రజోపయోగ సంస్థగా ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్నచోట వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. ఒక్క మంచి పంటకే ఆ గీత దాటిపోతుంది. సెక్షన్ 8 కంపెనీ లాభాన్ని సభ్యులకి పంచలేదు. ఉత్పత్తిదారుల కంపెనీకి ఆ ఇబ్బంది లేదు. 10 మంది రైతులుంటే పెట్టొచ్చు, డైరెక్టర్లు 5 నుంచి 15 మంది, వాటాలు ఎన్నున్నా మనిషికి ఒకటే ఓటు. పత్తి తెచ్చినప్పుడు కొంత ధర చెల్లించి, మిగతాది లెక్కలు తేలాక ఇవ్వొచ్చు. మిగులుని ఎవరెంత సరుకు పోశారో ఆ లెక్కన బోనస్‌గా పంచొచ్చు. కౌలు రైతు కూడా పండించేవాడే కాబట్టి పట్టా లేకపోయినా సభ్యుడు కావచ్చు.

కౌలు సమస్య వచ్చేది ధ్రువీకరణ దగ్గర. సేంద్రియ హోదా మనిషికి కాదు, సర్వే నంబరుకి వస్తుంది. ఈ ఏడు మన రైతు చేసిన పొలాన్ని వచ్చే ఏడు ఇంకొకరికి కౌలుకిస్తే, వాళ్లు యూరియా చల్లితే, రసాయన సాగు నుంచి సేంద్రియానికి మారే మార్పిడి కాలం మళ్లీ మొదటికొస్తుంది. కౌలు రైతుకి ప్రభుత్వం ఇచ్చే సాగుదారు హక్కు పత్రానికి గడువు 11 నెలలే. దానికీ యజమాని సంతకం కావాలి. చాలామంది పట్టాదారులు ‘సంతకం పెడితే పొలం పోతాదేమో’ అని జంకుతారు. మేం చేసిందేమిటంటే, యాజమాన్య హక్కుకి సంబంధం లేదని మొదటి వాక్యంలోనే రాసి, ఫలానా సర్వే నంబరులో మూడేళ్లపాటు రసాయనాలు వాడనివ్వనని మాత్రం చెప్పే ఒక పేజీ తెలుగు ఒప్పుకోలు తయారుచేశాం. దాన్ని చదివి వినిపించాకే సంతకం అడిగాం. అయినా ఒప్పుకోని యజమానుల పొలాలని జాబితాలోంచి తీసేశాం. ఆ రైతులకి బాధ కలిగింది, మాకూ కలిగింది. కానీ కాగితం లేని పొలాన్ని జాబితాలో ఉంచితే తనిఖీలో రైతులందరికీ కలిపి ఇచ్చే గుంపు సర్టిఫికెట్టుకే ముప్పు. సేంద్రియ ఉత్పత్తి జాతీయ కార్యక్రమం 2025 జనవరిలో తెచ్చిన కొత్త కూర్పు ప్రకారం గుంపులో 25 నుంచి 500 మంది రైతులుండొచ్చు, గుంపుకి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ ఉండాలి. అంతకుముందు సర్టిఫికెట్టు వేరేవాళ్ల చేతిలో ఉండి రైతు ఎవరికి అమ్మాలో వాళ్లే తేల్చేవారు. ఇప్పుడు గుంపు తన పేరు మీదే తీసుకోవాలి. ఇది మంచి మార్పు.

డబ్బు దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మంచి మనసుతో ఇచ్చిన డబ్బే చిక్కులు తెచ్చిపెడుతుంది. జర్మనీ కంపెనీ పత్తి ధర మీద క్వింటాకి ఇంత అని అదనపు ప్రీమియం ఇస్తామంది. దాన్ని నేరుగా మా ఖాతాకే పంపుతామంది. వినడానికి బాగుంది. కానీ మేం సరుకు అమ్మింది ఆ కంపెనీకి కాదు, తమిళనాడు మిల్లుకి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం వ్యాపారంలో భాగంగా సరుకుకో సేవకో బదులుగా వచ్చిన డబ్బు విరాళం కిందకి రాదు. మనం ఏమీ అమ్మనివాళ్లు విదేశం నుంచి డబ్బు పంపితే, ఇది సరుకు ధరే అని చూపించడం కష్టం. విరాళమని తేలితే ముందుగా రిజిస్ట్రేషనో అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, అక్కడి నుంచి వేరే సంస్థకి బదిలీ చేయకూడదు. అందుకని మేం ప్రీమియాన్ని మిల్లు కొనుగోలు ఒప్పందంలోకే తెచ్చాం. ఇన్‌వాయిస్‌లో పత్తి ధర ఒక వరస, సేంద్రియ ప్రీమియం ఇంకో వరస, రెండింటి మీదా జీఎస్టీ. కంపెనీ మిల్లుకిస్తుంది, మిల్లు మాకిస్తుంది. మధ్యలో మిల్లు ఆపేయకుండా, ప్రీమియం అందినట్టు మేం రాసిచ్చాకే నూలు బిల్లు ఆఖరి భాగం చెల్లించేలా కంపెనీతో ఒప్పించాం. ఊళ్లో బోరు వేయిస్తాం, బడికి గదులు కట్టిస్తాం అని వేరేగా ఇచ్చే డబ్బుని మాత్రం మా ఖాతాలోకి రానివ్వలేదు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థని చూసుకోమన్నాం.

జీఎస్టీలో చిన్న సంఘాలకి ఊపిరాడనివ్వని నియమం ఒకటుంది. రిజిస్టర్డు సంస్థ రైతు దగ్గర ముడి పత్తి కొంటే 5 శాతం పన్ను కొన్నవాళ్లే కట్టాలి. 2017 నవంబరు నుంచి ఇదే పద్ధతి. దాన్ని ఇతర కొనుగోళ్ల మీద కట్టిన పన్ను క్రెడిట్‌లోంచి సర్దుబాటు చేయడానికి లేదు, నగదుగానే కట్టాలి. క్వింటా 8,000 లెక్కన 100 క్వింటాళ్లు కొంటే 8 లక్షలు, దానిమీద పన్ను 40,000. దూది అమ్మాక క్రెడిట్ రూపంలో తిరిగొస్తుంది నిజమే. కానీ కొనుగోళ్లు ముమ్మరంగా సాగే నవంబరు, డిసెంబరుల్లో అంత నగదు ఇరుక్కుపోతుంది. పెట్టుబడి లెక్కలో దీన్ని ముందే వేసుకోకపోతే రైతుకి చెల్లింపు ఆలస్యమవుతుంది. చెల్లింపు రెండు వారాలు ఆగితే రైతు తర్వాతి తీతని మార్కెట్ యార్డులో దలారికి వేసేస్తాడు. తప్పు రైతుది కాదు.

ఇక ఒప్పందం. అందులో మేం ఎక్కువసేపు కూర్చున్నది ఒక్క వాక్యం దగ్గర: ‘సరఫరాదారుడి దగ్గర గానీ, అతని ఉపసరఫరాదారుల దగ్గర గానీ బాలకార్మికులు లేరని, ఉండబోరని హామీ ఇస్తున్నాం.’ ఈ హామీ మీద సంతకం పెడితే, ఎక్కడో ఒక పొలంలో ఒక్కరోజు ఒక పిల్ల పత్తి ఏరినా మనం ఒప్పందం ఉల్లంఘించినట్టే. దాంతో రెండు చెడు ఫలితాలొస్తాయి. తప్పు కనిపిస్తే దాచాలనిపిస్తుంది. దాచింది బయటపడితే ఆర్డరు రద్దవుతుంది, ఆ నష్టం ఆ పిల్ల ఇంటితో సహా అందరి మీదా పడుతుంది. మేం అడిగి మార్పించుకున్న వాక్యం సారాంశం ఇది: సంఘం ఫలానా ఫలానా జాగ్రత్తలు తీసుకుంటుంది, తప్పు కనిపిస్తే 7 రోజుల్లో తెలియజేస్తుంది, సరిదిద్దే పథకం ఇరుపక్షాలూ కలిసి రాసుకుంటాయి, సరిదిద్దడానికి గడువిస్తారు, ఒప్పందం రద్దు ఆఖరి మార్గం. ఇదేమీ మేం కొత్తగా కోరిన దయ కాదు. జర్మనీ చట్టం కూడా వ్యాపార సంబంధం తెంచుకోవడాన్ని చివరి మెట్టుగానే పెట్టింది. అమెరికా న్యాయవాదుల సంఘం బృందం 2021లో ప్రచురించిన నమూనా షరతులు కూడా హామీ బదులు ఇద్దరూ పంచుకునే జాగ్రత్తనే సూచిస్తాయి. మన న్యాయవాదికి ఆ నమూనా చూపిస్తే పని తేలికవుతుంది.

మిగతా షరతుల్లో నష్టపరిహారానికి హద్దు లేదు. దాన్ని ఆ ఆర్డరు విలువకి పరిమితం చేయించాం. నియమావళిని కంపెనీ ఎప్పుడైనా మార్చొచ్చని ఉంది. 60 రోజుల ముందు తెలపాలని, ఖర్చు పెరిగితే ధర మళ్లీ మాట్లాడుకోవాలని చేర్చాం. తనిఖీ ఖర్చు సరఫరాదారుడిదే అని ఉంది. మొదటి తనిఖీ వాళ్లది, మా తప్పు రుజువైతే తిరుగు తనిఖీ మాది అని తేల్చుకున్నాం. మన సంతకం కింద వాళ్ల బాధ్యతలు కూడా ఉండాలి. విత్తనం వేసే ముందే ఎన్ని బేళ్లు కొంటారో రాయాలి. ధర ఆ ఏటి మద్దతు ధరకి తగ్గకూడదు. 2025-26లో పొడవు పింజ పత్తికి అది క్వింటాకి 8,110 రూపాయలు. జిన్నింగ్ అయిన సరుకుని వద్దనడానికి లేదు. కొనేవాళ్లు ధర పిండితే ఆ కోత చివరికి పత్తి తీసే మనిషి కూలిలోనే పడుతుంది. ఈ మాట చర్చల్లో పదేపదే చెప్పాం.

తగాదా వస్తే ఎక్కడ తేల్చుకోవాలి? వాళ్ల కాగితంలో హాంబర్గ్ కోర్టు, జర్మనీ చట్టం అని ఉంది. మన కోర్టులో గెలిచిన తీర్పుని జర్మనీలో అమలు చేయించుకోవడం కష్టం. వాళ్ల కోర్టు తీర్పుకీ ఇక్కడ నేరుగా అమలయ్యే హోదా లేదు, దాని ఆధారంగా మళ్లీ దావా వేయాలి. మధ్యవర్తిత్వ తీర్పుకి ఆ ఇబ్బంది తక్కువ. అలాంటి తీర్పులని ఒక దేశంలోవి ఇంకో దేశంలో అమలు చేయించే 1958 న్యూయార్క్ ఒడంబడికలో రెండు దేశాలూ ఉన్నాయి. అందుకే మధ్యవర్తిత్వం అడిగాం. దూది వ్యాపారంలో అక్కడి వర్తక సంఘాల లివర్‌పూల్ నియమాలు, బ్రెమెన్ నియమాలు వాడుకలో ఉన్నాయి గానీ, ఆర్డరు చిన్నదైతే అక్కడి ఫీజులే సరుకు విలువని మింగేస్తాయి. ఒకే మధ్యవర్తి, విచారణ వీడియోలో, స్థానం బెంగళూరు అని కుదుర్చుకున్నాం. ఇంకో సంగతి. అంతర్జాతీయ సరుకుల అమ్మకాల ఒడంబడికలో మన దేశం లేదు, జర్మనీ ఉంది. జర్మనీ చట్టం అని రాసి ఊరుకుంటే ఆ ఒడంబడిక కూడా మనకి వర్తించవచ్చు. వద్దనుకుంటే వద్దని స్పష్టంగా రాయాలి.

వయసు గురించి. మన చట్టం ప్రకారం 14 లోపు పిల్లలని ఏ పనిలోనూ పెట్టకూడదు. 2016 సవరణ తర్వాత బడి అయ్యాక, సెలవుల్లో సొంత ఇంటి పనికి సాయం చేయొచ్చు, అది ప్రమాదకరమైనది కాకూడదు. 14 నిండి 18 లోపు వాళ్లని ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. కొనేవాళ్ల నియమావళిలో 15 అని ఉంటుంది, కొన్నిటిలో 16. జర్మనీ చట్టం మాత్రం అంతర్జాతీయ కార్మిక సంస్థ 138వ ఒప్పందం కింద 14 ఏళ్లని ఎంచుకున్న దేశాలకి ఆ వయసుని ఒప్పుకుంటుంది. మన దేశం 2017లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. ఈ తేడా చెప్పి 14కే దిగమని వాదించొచ్చు. మేం వాదించలేదు. కూలికి 15 నిండిన వాళ్లే, మందు కొట్టడానికి 18 నిండిన వాళ్లే అని ఒప్పుకున్నాం. సేంద్రియ కషాయాలైనా సరే 18 నియమమే. కానీ బడి అయ్యాక సొంత చేలో అమ్మానాన్నలకి పిల్లలు సాయం చేయడం వేరు, కూలికి పోవడం వేరు అని రాయించాం. వయసుకి ఆధార్ ఒక్కటే నమ్మలేదు, బడి రిజిస్టరుతో సరిచూశాం.

పత్తి తీతలో పిల్లలు ఎలా వస్తారో పొలం గట్టున నిలబడి చూస్తేనే తెలుస్తుంది. పొద్దున ఏడింటికి ఆటోలో ఆడవాళ్లు దిగుతారు. నడుముకి చీర కొంగుతోనో పాత గుడ్డతోనో ఒడి కడతారు. రెండు చేతులా కాయలోంచి దూది లాగి ఒడిలో వేస్తూ సాలు వెంబడి పోతారు. ఒడి నిండితే చెట్టుకింద పరిచిన పట్టా మీద కుప్ప పోస్తారు. సాయంత్రం ఎవరి కుప్ప వాళ్లది కాటా వేస్తారు. కిలోకి ఇంత అని కూలి. అక్కడే ఉంది మూలం. బడి లేని రోజో, ఇంట్లో చూసేవాళ్లు లేకో వెంట వచ్చిన పదేళ్ల పిల్ల ఊరికే కూర్చోదు. అమ్మ ఒడిలోకి తనూ నాలుగు గుప్పిళ్లు వేస్తుంది. కాటాలో ఆ బరువు అమ్మ పేరునే పడుతుంది. రికార్డులో పిల్ల ఉండదు. ‘పిల్లలని తేవద్దు’ అని బోర్డు పెడితే ఇది ఆగదు. కిలో లెక్క ఉన్నంతకాలం ఆగదు.

అందుకని రోజుకూలికి మారాం. రైతులు మొదట ఒప్పుకోలేదు, పని సాగదని భయపడ్డారు. రెండు పొలాల్లో వారం రోజులు రెండు పద్ధతులూ నడిపి తూకాలు రాశాం. ముసలామె, మధ్యవయసామె, చురుకైన యువతి, ముగ్గురి తూకాలూ వేరువేరుగా తీసుకున్నాం. మొదటి రెండు తీతల్లో చురుకైన వాళ్లకి కిలో లెక్కే లాభం. మూడో తీతలో కాయలు పలచబడతాయి, ఎంత తిరిగినా ఒడి నిండదు, అప్పుడు కిలో లెక్కన అందరికీ కనీస వేతనం కంటే తక్కువే పడుతుంది. దీంతో రోజుకూలి కనీస వేతనానికి తగ్గకుండా పెట్టి, దానిమీద ఒక హద్దు దాటిన తూకానికి కొంత కలిపే పద్ధతి తెచ్చాం. అన్ని పొలాల్లోనూ కుదిరిందని చెప్పం. చిన్న రైతుకి నగదు లేని వారంలో మళ్లీ కిలో లెక్కకే పోయారు. అలాంటి పొలాలకి కూలి డబ్బు సంఘమే ముందుగా ఇచ్చి పత్తి బిల్లులో పట్టుకుంది. కూలీల పేరు, ఊరు, గంటలు, చెల్లించిన మొత్తం ఒక చిన్న నోటుబుక్కులో రాయించి, చదువురాని వాళ్ల వేలిముద్రతో పాటు సాక్షి సంతకం తీసుకున్నాం. ఆడకి మగకి ఒకే పనికి ఒకే కూలి. ఇది అమలు కావడానికి రెండు తీతలు పట్టింది.

అడ్వాన్సుల సంగతి ఇంకా సున్నితం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు వానలు లేని ఏడు కుటుంబాలకి కుటుంబాలే గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. మేస్త్రీ ముందే డబ్బిచ్చి కట్టేసుకుంటాడు. మన పొలాలకి వచ్చే గుంపుల్లోనూ ఈ పద్ధతి ఉంది. అప్పు ఇవ్వడం నేరం కాదు. ఆ అప్పు తీరేదాకా ఇంకెక్కడా పనిచేయకూడదంటే అది 1976 వెట్టి నిర్మూలన చట్టం కిందకి వస్తుంది, వడ్డీ లేకపోయినా సరే. కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. మా నియమం: మేస్త్రీకి ఇచ్చే కమీషను కూలీ డబ్బులోంచి కోయకూడదు, అడ్వాన్సు వారం కూలిని మించకూడదు, మధ్యలో వెళ్లిపోతే బాకీ వసూలు సంఘం బాధ్యత గానీ మనిషిని ఆపకూడదు.

ఫిర్యాదు ఫోన్ నంబరు పెట్టమన్నారు. పోస్టరు తెలుగులో వేశాం. ఆదోని సరిహద్దు ఊళ్లలో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు ఎక్కువని తెలిసీ మొదట మరిచాం. తర్వాత రెండు భాషల్లో వాయిస్ మెసేజ్ చేసి పంపాం. పోస్టరు కంటే అదే పనిచేసింది. ఫోన్ ఎత్తే మనిషి సంఘం ఉద్యోగి కాకూడదు, కొనుగోలు చేసే మనిషి అసలు కాకూడదు. బాలకార్మికుల సంగతి తెలిస్తే 1098కి చెప్పొచ్చని కూడా అందులోనే చేర్చాం. ఒక పిల్లని పనిలో చూసినప్పుడు చేయాల్సింది ఆటో ఎక్కించి పంపేయడం కాదు. ఆ పిల్ల కూలి పోతే ఇంటికి ఏమవుతుందో చూడాలి. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికి ఆ సీజను పని ఖాయం చేయడం, మండల విద్యాధికారితో మాట్లాడి బడిలోనో కస్తూర్బా విద్యాలయంలోనో సీజనల్ హాస్టల్లోనో చేర్చడం, మూడు నెలలు హాజరు చూసుకోవడం. ఈ ఖర్చులో సగం కంపెనీ భరించాలని ఒప్పందంలో రాయించాం.

సరుకు జాడ విషయంలో మోసం కాగితం మీద తేలిగ్గా పట్టుబడుతుంది, లెక్క తెలిస్తే చాలు. 100 క్వింటాళ్ల పత్తికి సుమారు 34 క్వింటాళ్ల దూది వస్తుంది. బేలు 170 కిలోలు కాబట్టి 20 బేళ్లు. 24 బేళ్లకి సర్టిఫికెట్ అడిగారంటే మామూలు పత్తి కలిసినట్టే. 2020లో మన దేశపు సేంద్రియ పత్తిలో నకిలీ లావాదేవీ సర్టిఫికెట్ల (సరుకు చేతులు మారినప్పుడు అది సేంద్రియమే అని ఇచ్చే కాగితాల) వ్యవహారం బయటపడింది. ఆ సర్టిఫికెట్ల మీద చూపిన దూది 20,000 టన్నులు. అప్పటి నుంచి కొనేవాళ్లు ఈ లెక్కని కిలోలతో సహా చూస్తున్నారు. తీత మొదలవకముందే, సెప్టెంబరులో, ప్రతి పొలంలో కాయలు లెక్కించి దిగుబడి అంచనా రాసుకున్నాం. అంచనాకి మించి తెచ్చిన రైతుని పక్కింటి పత్తి కలిపావా అని నిలదీయకుండా ముందు పొలం చూశాం. రెండుసార్లు మా అంచనాయే తప్పు. సంచులు ప్లాస్టిక్‌వి వద్దు, ఆ పోగులు దూదిలో కలిస్తే మిల్లు బేలు తిప్పి కొడుతుంది. నూలు గుడ్డ సంచి మీద రైతు కోడ్ రాశాం. జిన్నింగ్ మిల్లులో మన లాటుకి ముందు యంత్రాలు, గొట్టాలు ఊడ్పించి, మొదట వచ్చిన బేళ్లని మామూలు సరుకుగా లెక్క కట్టాం. ఆ బేళ్ల నష్టం ఎవరిదో మిల్లుతో ముందే రాసుకోండి.

రైతుల జాబితా అడిగినప్పుడు ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు పంపకండి. కోడ్, ఊరు, విస్తీర్ణం చాలు. ఒక తనిఖీ సంస్థ ఆధార్ నకళ్లన్నీ మెయిల్‌లో అడిగింది. మా ఆఫీసుకి వచ్చి చూడమన్నాం, ఒప్పుకున్నారు.

జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి జన్యువు జాడ కూడా ఉండకూడదని ఒప్పందంలో ఉంది. దాన్ని ‘ఐఎస్ఓ ఐడబ్ల్యూఏ 32 పద్ధతిలో పరీక్షించిన సరుకు’ అని మార్పించాం. పత్తిలో ఆ జాడని పట్టే అంతర్జాతీయ పరీక్ష పద్ధతి అది. చుట్టూ బీటీ పత్తే ఉన్నచోట ఉండదని ప్రమాణం చేయలేం, పరీక్షించామని చెప్పగలం. జులై, ఆగస్టులో ఆకు నలిపి పరీక్ష స్ట్రిప్పుతో చూశాం. తేలిన మొక్కలు ఎక్కువగా కొన్న విత్తనంలోంచి వచ్చినవే.

ఆ విత్తనం దగ్గరే కొనేవాళ్ల ప్రశ్నలు ఆగిపోతాయి, మేం ఆగలేకపోయాం. హైబ్రిడ్ పత్తి విత్తనం చేతితో తయారవుతుంది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ రేకులూ కేసరాలూ గిల్లేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దాలి. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. కర్నూలు, నంద్యాల వైపు సీడు పత్తి క్రాసింగ్‌కి ఆడపిల్లలని బడి మాన్పించి పెట్టిన చరిత్ర ఉంది. అమెరికా కార్మిక శాఖ జాబితాలో మన దేశపు హైబ్రిడ్ పత్తి విత్తనం పేరు బాలకార్మికుల కిందా, వెట్టి కిందా ఉంది. మా పొలంలో పిల్లలు లేకుండా చూసుకుని, పిల్లలు రుద్దిన విత్తనం చల్లితే ఏం లాభం? అందుకే కొంత విస్తీర్ణంలో క్రాసింగ్ అవసరం లేని సూటి రకాలకి వెళ్లాం. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన నరసింహ రకంతో మొదలుపెట్టాం. దిగుబడి హైబ్రిడ్ కంటే తక్కువే. కానీ విత్తనం రైతే దాచుకోవచ్చు. బ్రాండు పేరు పెట్టకుండా పక్క రైతుకి ఇవ్వడానికి, అమ్మడానికి 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం అనుమతిస్తుంది. రెండో తీత పత్తిని వేరుగా ఉంచి, జిన్నింగ్ మిల్లు ఖాళీగా ఉన్న రోజు విడిగా ఆడించి గింజ తీసుకున్నాం. తడి గోనె పట్టాలో 100 గింజలు చుట్టి వారం తర్వాత విప్పి లెక్కపెడితే, 65కి తక్కువ మొలిచిన లాటుని నూనె మిల్లుకి పంపేశాం.